పావు తక్కువ ఆరు

లైబ్రరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. నడుముకు వేలాడే గుత్తి మూలంగా అందరికీ తాళాలమ్మ. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున తలుపులు తీసేదీ, సాయంత్రం మూసేదీ ఆమే. మధ్యలో పుస్తకాలు అరల్లోకి సర్దుతుంది, ఊడిన అట్టలకు జిగురు రాస్తుంది, ఒకే పేపరు కోసం పంతాలు పట్టే పెద్దమనుషులను విడదీస్తుంది.

మ్యూజియం వాళ్ళు వచ్చి పిల్లల గదిలో ఒక కంప్యూటర్ పెట్టి వెళ్ళాక, దానిమీద గుడ్డ కప్పడం కూడా ఆమె పనుల్లో చేరింది. అందులో చరిత్ర నేర్పే ఆట ఉంది. ఎప్పుడో మూతబడిన ఈ ఊరి బట్టల మిల్లు అందులో ఇంకా నడుస్తోంది. ఆడేవాళ్ళు కొత్తగా పనికి చేరిన మనిషై వీధి చివర బయల్దేరాలి. మూడు గేట్లు దాటితే నేత షెడ్డు. గేటుకో ప్రశ్న. జవాబు తప్పితే కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి "మళ్ళీ రా" అంటాడు. మళ్ళీ వీధి చివరినుంచి నడక. రెండు వారాలు ఇక్కడ ఉంచి, రెండో శనివారం పొద్దున్నే వేరే ఊళ్ళ స్కూళ్ళకు పట్టుకుపోతారు.

మొదటివారం ఆమె దాన్ని పట్టించుకోలేదు. శనివారం సాయంత్రం గుడ్డ కప్పబోతూ తెరమీద ఆ వీధిని చూసింది. పొడుగాటి మిల్లు గోడ, వరసగా కిటికీలు, మూడో కిటికీ కింద ఒకవైపు అరిగిన రాతిపలక. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. చిన్నప్పుడు బడినుంచి వచ్చి ఆ పలక ఎక్కి నిలబడితే అమ్మ కనబడేది. ఇప్పుడు అక్కడ కార్లు అమ్ముతున్నారు.

అమ్మ ఆ కిటికీ దగ్గర నాలుగు మగ్గాలు చూసుకునేది. ఆ రొదలో మనిషి మాట మనిషికి వినబడదు. అందుకని నేత ఆడవాళ్ళు సైగలతో మాట్లాడుకునేవాళ్ళు. పోగు తెగిందంటే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఇంకొకటి, వాడి మీసాల మీద జోకుకి మరొకటి. కొన్నేళ్ళకు అమ్మ చెవులు పోయాయి. ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడేది. అమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. గొంతు ఎలా ఉండేదో కూతురికి గుర్తు లేదు, చేతులే గుర్తు. ఉన్న ఒక్క ఫొటో మిల్లు గుర్తింపు కార్డు కోసం తీసినది. అందులో చేతులు పడలేదు.

నేత షెడ్డు ఒక్కసారి చూడాలనిపించింది. సోమవారంనుంచి మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పే వేళకు, పిల్లలెవరూ లేనప్పుడు, ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది.

"ఆ మౌస్‌ని అంత గట్టిగా పట్టుకుంటావేమమ్మా, ఎక్కడికైనా పారిపోతుందా?" అన్నారు మాస్టారు. నలభయ్యేళ్ళు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. పేపర్లన్నీ చదవడం అయిపోయినా ఇంటికి వెళ్ళరు.

"మీరు పక్కన నిలబడితే పారిపోయేలాగే ఉంది మాస్టారూ. క్లాసులో ఉన్నట్టుంది."

మొదటి గేటు ప్రశ్న మిల్లు పెట్టిన సంవత్సరం. రెండోది సమ్మె ఎన్ని రోజులు జరిగిందని. రెండూ ఆయన చెప్పారు, ఆమె గుర్తుపెట్టుకుంది. మూడో గేటు దగ్గర మాత్రం ఆయన నోరు తెరవబోతే ఆపేసింది. మిల్లు పొద్దుటి సైరన్ కూత ఎన్నింటికి? అయిదున్నర, పావు తక్కువ ఆరు, ఆరు.

"ఇది నాకు చెప్పక్కర్లేదు" అని నవ్వుతూ పావు తక్కువ ఆరు నొక్కింది.

మళ్ళీ రా, అన్నాడు కాపలావాడు.

చెయ్యి జారిందనుకుంది. మూడు గేట్లూ నడిచి వచ్చి మళ్ళీ అదే నొక్కింది. మళ్ళీ రా.

"ఆరు అమ్మా" అన్నారు మాస్టారు నెమ్మదిగా. "మిల్లు రూల్సు పుస్తకంలో ఆరనే ఉంది. నేను చూశాను."

"రూల్సు పుస్తకం మా ఇంట్లో పడుకుని లేచిందా మాస్టారూ? పని మొదలయ్యేది ఆరుకి. కూసేది పావుగంట ముందు. ఆ పావుగంటలో మగ్గాలు తుడుచుకోవాలి, నూలు కండెలు సర్దుకోవాలి. కూసేసరికే మా అమ్మ గేటు లోపల ఉండాలి. నేను ఆ కూతకి లేచేదాన్ని. లేచి తడిమితే పక్క ఖాళీ. దుప్పటి ఇంకా వెచ్చగా ఉండేది."

"నిజమే అయ్యుంటుంది. కానీ దీనికి తెలిసింది అంతే. పేపరు దిద్దేవాడు ఏది రైటంటే అది రాయాలి కదా."

"నలభయ్యేళ్ళూ పిల్లలకి ఇదే చెప్పారా?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "దాదాపుగా."

మంగళ, బుధ, గురువారాలు అలాగే గడిచాయి. రోజూ మూడో గేటుదాకా వెళ్ళడం, నిజం చెప్పడం, వెనక్కి రావడం. గది కిటికీలో పెట్టిన డబ్బా సాయంత్రం అలాగే సంచిలోకి వెళ్ళేది. లైబ్రేరియన్ మేడమ్ అటువైపు వెళుతూ, "ఇన్ని తాళాలు మోస్తావు, ఆ ఒక్క గేటు తీయలేకపోయావా తాళాలమ్మా?" అంది.

"దాని తాళంచెవి వేరేవాళ్ళ దగ్గరుంది మేడమ్."

శుక్రవారం ఆఖరు. మాస్టారు పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నారు. మూడో గేటు వచ్చింది. అది ఉత్త ఆట అని ఆమెకు తెలుసు. ఏది నొక్కినా ఎవరికీ ఏమీ కాదు. అయినా ఆరు నొక్కడమంటే, అమ్మ ఇంకో పావుగంట తన పక్కనే పడుకునేదని ఒప్పుకున్నట్టు. అలా పడుకుని ఉంటే బాగానే ఉండేది.

ఆరు నొక్కింది. గేటు తెరుచుకుంది.

రొద చిన్న స్పీకర్లలోంచి కందిరీగల్లా వచ్చింది. మగ్గాల వరసలు, మగ్గానికో ఆడమనిషి. అందరికీ ఒకటే ముఖం, ఒకటే చీర. చేసినవాళ్ళు ఒక్క బొమ్మనే నలభైసార్లు నిలబెట్టినట్టున్నారు. ఆమె ఒక్కొక్క కిటికీ లెక్కపెట్టుకుంటూ మూడోదాని దగ్గరకు నడిచింది. అక్కడున్న బొమ్మ చేతులు పోగును తాకనైనా తాకకుండా పైకీ కిందికీ పోతున్నాయి. తెగిన పోగు ముడివేయడం ఆ చేతులకు రాదు. ఆమె మౌస్ మీదనుంచి చెయ్యి తీసేసింది.

అప్పుడు ఆ బొమ్మ ఎడమచెయ్యి మగ్గం మీదే ఉంచి, కుడిచేతి రెండువేళ్ళతో గడ్డం మీద రెండుసార్లు తట్టింది. వెనక ఉన్నవాళ్ళూ తట్టారు. నలభైమందీ ఒక్కసారే. తెర కింద చిన్న అక్షరాలు వచ్చాయి: పాత ఫిల్ములో కనిపించిన కార్మికుల సైగ. అర్థం తెలియదు.

ఆమె కుడిచెయ్యి తనంతట తానే లేచి పొట్టమీద ఆనుకుంది.

"ఏమంటున్నారమ్మా వాళ్ళు?" మాస్టారు ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డారో.

"తిన్నావా అంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"తిన్నానన్నాను."

ఆయన గది కిటికీ వైపు చూశారు. "డబ్బా మూత కూడా తీయలేదు కదమ్మా."

"మిల్లు కిటికీలోంచి అమ్మకి నేనొక్కదాన్నే కనబడేదాన్ని మాస్టారూ. డబ్బా కనబడేది కాదు."

రెండు కావస్తోంది. బయట బడిపిల్లలు చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఆమె లేచి గుడ్డ చేతిలోకి తీసుకుంది, కానీ కప్పలేదు. వాళ్ళు ఇంకోసారి అడిగేదాకా నిలబడింది.