అమ్మ దెబ్బ, నాన్న సాక్ష్యం

మా నాన్నను బతికించినవాళ్ల మీద నాకు ఇంకా కోపం పోలేదు. ఈ మాట పైకి అంటే మా పిన్ని బుగ్గలు నొక్కుకుంటుంది. "అన్నం పెట్టినోల్లనే తిడతావేటే?" అంటుంది. అన్నం పెట్టారు, నిజమే. అందుకే ఈ కోపం ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

నాన్న ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద కళాసీ. వేటకెళ్తే పది రోజులు సముద్రంలో, ఒడ్డుకొస్తే తాగుడులో. నేను ఇంటర్ చదివేనాటికి ఆయన్ని వేటకు పిలిచేవాళ్లు లేరు. అద్దె ఇంట్లోంచి మమ్మల్ని ఖాళీ చేయించారు. అమ్మ నన్ను తీసుకుని గాజువాకలో పిన్ని ఇంటికి వచ్చేసింది. నాన్న హార్బర్‌లోనే, చేపలు వేలం వేసే షెడ్డులో పడుకునేవాడు. ఊళ్లో తిప్పి అమ్మే చేపలు కొనడానికి అమ్మ రోజూ పొద్దున్నే గంప పట్టుకుని అక్కడికే వెళ్లాలి. మొగుణ్ని దాటుకుని వెళ్లి చేపలు కొనేది, మళ్లీ మొగుణ్ని దాటుకుని వచ్చేది. బోటు యజమానులు చూశారు. కులపెద్దలు చూశారు. నాన్న సొంత అన్నదమ్ములు చూశారు. ఒక్కరూ లేపలేదు.

లేపింది ఒక రిటైరైన నర్సు. అందరూ సిస్టరమ్మ అనేవారు. దువ్వాడ స్టేషన్ అవతల క్రైస్తవులు నడిపే హోమ్ ఒకటి ఉంది. ఇల్లు లేనివాళ్లను, తాగుడు మానలేనివాళ్లను చేర్చుకుంటారు. ఆవిడ అక్కడి మనిషి. నాన్న కాలికి పుండై పురుగు పడితే, చేపల నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని కడిగిందట. ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోయింది. మొదటి వారం తాగుడు లేక నాన్న వణికిపోయాడు, గోడల మీద పీతలు పాకుతున్నాయని అరిచాడు. ఆవిడ పక్కనే కూర్చుంది. మతం మారమని ఎవరూ అడగలేదు. అమ్మ ఇప్పటికీ గంగమ్మకే దీపం పెడుతుంది.

ఎనిమిది నెలల తర్వాత హోమ్‌వాళ్లే ఐసు ఫ్యాక్టరీలో పని చూపించారు. గోపాలపట్నంలో ఒక గది తీసుకున్నాం. ముగ్గురం ఒకేచోట కూర్చుని అన్నం తిన్నాం. అది వాళ్ల పుణ్యమే, కాదనను.

అప్పుడే సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకప్పుడు తాను ఎలా ఉండేవాడో, దేవుడు ఎలా మార్చాడో నలుగురిలో నిలబడి చెప్పడం. హోమ్ నడిపే పెద్దాయన్ని అందరూ అన్నగారు అంటారు. హోమ్‌కు సాయం చేసేవాళ్లు ఊళ్ల నుంచి వచ్చినప్పుడల్లా ఆయన నాన్నను పిలిచేవాడు. అమ్మనూ నన్నూ ముందు వరసలో కూర్చోబెట్టేవారు.

మొదటిసారి నాన్న నాలుగు ముక్కలు చెప్పి ఏడ్చేశాడు. అమ్మా ఏడ్చింది. రెండోసారి చప్పట్లు కొట్టారు. మూడోసారికి నాన్నకు ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది.

"సీసా తీసుకొని నా ఆడదాని మొకం మీద కొట్టినాను. అదిగో, ఆ కుడి బుగ్గ మీద. నా కూతురు మంచం కింద దూరిపోయి, బయంతో బట్టల్లోనే పోసుకునీది."

నాకప్పుడు ఇరవై ఏళ్లు. రెండు వందల మంది తలలు తిప్పి నన్ను చూశారు. మీటింగ్ అయ్యాక ఒకావిడ వచ్చి అమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఇదేనామ్మా ఆ మచ్చ?" అంటూ ఫోన్ తీసింది. నేను ఆవిడ చెయ్యి తోసేశాను. "పిల్ల దురుసుగా ఉంది, పాపం ఎన్ని చూసిందో" అని నా మీదే జాలిపడింది. ఆ జాలికి నాకు ఒళ్లు మండిపోయింది. అందరికీ బిర్యానీ పెట్టారు. నేను నా విస్తరి పక్కకు నెట్టేశాను.

నాలుగోసారి నేను రానన్నాను. అమ్మ మాత్రం "పద" అంది.

నాన్న సీసా దగ్గరికి వచ్చేసరికి అమ్మ లేచి నిలబడింది.

"ఆపు. ఆ దెబ్బ నాది. నాది నువ్వెందుకు సెప్తన్నావు?"

అన్నగారు మైకు పట్టుకున్నాడు. "అమ్మా, కూర్చోండి. ఇదంతా దేవుడి మహిమ కోసమే కదా."

"మహిమ కావాలంటే నువ్వేటి సేసినావో అది సెప్పుకో బాబూ. నా బుగ్గ సూపించకు. నా పిల్ల సంగతి ఎత్తకు. దెబ్బలు తిన్నోల్లని అడిగినావా ఒక్కసారైనా?"

అన్నగారు మైకు కిందికి దించాడు. గోడవార నిలబడ్డ సిస్టరమ్మ తల దించుకుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నాన్న మా వెనకే వచ్చాడు.

బస్సులో అమ్మతో అన్నాడు. "ఆల్లు సప్పట్లు కొడతంటే బాగుంటాదే. నన్ను మనిసనుకుంటన్నారనిపిస్తాది."

"నిన్ను మనిసని నేననుకోవాల," అంది అమ్మ.

వారం తర్వాత సిస్టరమ్మ మా గదికి వచ్చింది. "ఆ ముందు వరస కుర్చీలు నేనే వేయించేదాన్నమ్మా. అందులో కూర్చున్న ఏ ఆడమనిషినీ నేనడగలేదు. తప్పు నాదే." అమ్మ టీ ఇచ్చింది. నేను పలకరించలేదు. నాన్న కాలు కడిగిన చేతులు అవే అని తెలిసి కూడా.

ఇప్పుడు భార్యలను ముందే అడుగుతున్నారట. అన్నగారు స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు, మెచ్చుకుంటానని కాబోలు. మొగుడి మంచం మీ హోమ్‌లో, మొగుడి పని మీ చలవ, అడిగితే ఏ ఆడది కాదంటుందండీ అన్నాను. ఆయన "ఆలోచిస్తాం" అన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

నాన్న మళ్లీ మైకు పట్టుకోలేదు, మళ్లీ తాగలేదు. ఆదివారాలు హోమ్‌కు వెళ్లి కొత్తగా చేరినవాళ్లకు స్నానాలు చేయిస్తాడు. మొన్న ఒక మధ్యాహ్నం అమ్మ గుమ్మంలో చేపలు తోముతుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆ రోజు సీసా పగిలినాక పిల్లనేసుకొని ఎక్కడికెల్లినావు?" అని అడిగాడు.

అంతమందికి చెప్పినవాడు అమ్మను ఆ మాట అడగడం అదే మొదటిసారి. అమ్మ కత్తిపీట పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. గంట సేపు చెప్పిందట. నాన్న లేవకుండా విన్నాడట. నేను ఆసాంతం వినలేకపోయాను. చెప్పులేసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయాను.