మూడు భాషల్లో ఒకే ఆరు

మారికుప్పం వెళ్లే రైల్లో నా ఎదురు సీటు మీద కొత్త ఇత్తడి బిందె ఒకటి దర్జాగా కూర్చుంది. బెంగళూరులో తాడు లాగే పోటీలో గెలిచిన బిందె. గెలిచింది కోరమండల్ బంగారు గని కార్మికుల ఇళ్లలోని ఎనిమిది మంది ఆడవాళ్లు. బిందె చుట్టూ కూర్చుని తమిళం, కన్నడం, తెలుగు కలిపి ఒకటే కబుర్లు.

"ఇన్ని భాషలతో జట్టు ఎలా కుదిరింది?" అని అడిగాను.

"యాడ కుదిరింది అప్పా! మూడేండ్లు ఓడిపోయినాము," అంది నాయకురాలు స్టెల్లమ్మ. "అందరికీ మూడు భాషలూ వస్తాయి. అయినా తాడు పట్టుకుంటే బుర్ర అమ్మ మాటకే పోతాది. నేను తెలుగులో 'ఒకటి' అని అరిస్తే తమిళోళ్లు ఒక రవ్వ ఆలస్యం. తమిళంలో అరిస్తే మా తెలుగోళ్లు ఆలస్యం."

"మరి ఈసారి?"

"అంకెలన్నీ వెదికినాము. ఆరు ఒకటే మూడు భాషల్లోనూ ఆరు. ఇంగ వేరే లెక్కే లేదు. 'ఆరు' అంటే అందరిదీ ఒకే లాగుడు!"

"అవతలి జట్టుకూ ఆరు తెలుసు కదా?"

స్టెల్లమ్మ బిందె మీద దరువేసింది. "తెలిస్తే ఏమి? ఆరు మేము తీసుకున్నాము. వాళ్లకు ఏడు మిగిలింది!"

తెలుగువాళ్లు పగలబడి నవ్వారు. తమిళ, కన్నడ ఆడవాళ్లు ఒక రవ్వ ఆలస్యంగా నవ్వారు, అందరికంటే గట్టిగా.