అమ్మవారు వదిలేసిన అమ్మణి

చింతాద్రిపేటలో నేతగాళ్ళ వీధి చివర, కూవం ఏటి గట్టుకు వీపు తిప్పినట్టుండే పెంకుటింట్లో అమ్మణి మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ బతికేది. నలభై దాటిన మనిషి. ముఖం నిండా మశూచి గుంటలు, ఎడమ కంట్లో పువ్వు. ఆమె చిన్నప్పుడు ఒకే వేసవిలో ఆ జబ్బు తల్లినీ తమ్ముణ్ణీ తీసుకుపోయి, ఈమెను మాత్రం ఇట్లా చేసి వదిలింది.

"పెద్దమ్మవారు నిన్ను చల్లగా చూసి వదిలిపెట్టిందే!" అని వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటే అమ్మణికి ఒళ్ళు మండేది.

"చూసి వదల్లేదు. నమిలి ఊసింది," అనేది.

వాళ్ళు గబగబా చెంపలు వేసుకునేవాళ్ళు. ఆ చేతులతోనే పెళ్ళిళ్ళలో ఆమెను వెనక వరసకు నెట్టేవాళ్ళు. మేనత్త కొడుకు ఆదికేశవులుకు ఆమెను చేసుకోవాలని పుట్టినప్పుడే అనుకున్నారు. పొక్కులు రాలిన ముఖం చూశాక మేనత్తకు ఆ మాట అన్నట్టే గుర్తులేకుండా పోయింది. ఆదికేశవులు ఇంకో పిల్లను చేసుకుని, మగ్గాలు పెట్టించి, లుంగీల వ్యాపారంలో పైకొచ్చి, వీధి నడుమ మిద్దె కట్టాడు. అమ్మణి చుట్టే కండెలు ఆ మగ్గాలకే పోయేవి. ఎదురుపడినప్పుడల్లా ఆమె తలెత్తి, మంచి కన్ను అతని మీద నిలిపి చూసేది. పక్కకు తప్పుకునేది అతనే.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండాకాలంలో మశూచి మళ్ళీ ఊళ్ళో పడింది. ఎవరూ ఏదో చేసి తెచ్చుకున్నది కాదు. మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ చూడకుండా ఇల్లిల్లూ తిరిగింది. వీధి పెద్దమనుషులు మాత్రం అరుగుల మీద కూర్చుని కారణాలు వెతికారు. పోయినేడు జాతర చేయకపోవడం వల్ల అన్నాడొకడు. ఆడపిల్లలు సైకిళ్ళెక్కడం వల్ల అన్నాడు ఇంకొకడు.

"సైకిలెక్కితే మోకాలు చిప్ప పగలొచ్చు," అంది అమ్మణి కండె ఆపకుండా. "ముఖాన పొక్కులెట్లా వస్తాయప్పా?"

టీకాలు వేసేవాళ్ళు వచ్చిన రోజు వీధిలో మగవాళ్ళు ఎవరూ కనబడలేదు. ఆదికేశవులు ఇంటి ముందు వాళ్ళు నిలబడి పిలుస్తుంటే లోపల్నుంచి పలికేవాళ్ళే లేరు.

"సామీ, ఆ నూలు మూటల ఎనకాల చూడండి," అని అమ్మణి తన గడపలోంచి కేకేసింది. "ఆడ కదిలేది ఎలిక కాదు, మా బావ!"

ఆదికేశవులు మీసాలకు నూలుపోగులు అంటించుకుని బయటికొచ్చాడు. ఇంట్లో మొక్కు ఉందనీ, సూది పెడితే అమ్మవారికి కోపమొస్తుందనీ చెప్పి, వాళ్ళకు కాఫీ తాగించి సాగనంపాడు. కొత్త కోడలు పుష్పవల్లి అప్పటికే రవిక చెయ్యి పైకి మడిచి వాకిట్లోకి వచ్చి ఉంది. "నీకేం తొందర?" అని మామ గద్దించేసరికి ఆ చెయ్యి దించుకుని లోపలికి పోయింది.

కొన్నాళ్ళకు ఆ పిల్లకే జ్వరం వచ్చింది. నుదుటి మీద, ముంజేతుల మీద పొక్కులు లేచాయి. ఆదికేశవులు వాకిలికి వేపమండలు కట్టించాడు. అమ్మవారు ఇంటికొచ్చిందని అందరికీ భక్తిగా చెప్పాడు. మరునాడే ఆ అమ్మవారికి దొరక్కుండా తిరువళ్ళూరులో చెల్లెలింటికి పోవడానికి జట్కా మాట్లాడాడు. పెళ్ళాం, కొడుకు, మూటాముల్లె అన్నీ ఎక్కాక అమ్మణి ఇంటి ముందు ఆగాడు. గడప తొక్కలేదు.

"అమ్మణీ, పిల్లను కొంచెం చూసుకో. నీకింక రాదు గదా అది."

"నీకొస్తుందని భయమా, బావా?"

"భయమేంది? వ్యాపారముండాది. మగ్గాలుండాయి..."

"మగ్గాలను తిరువళ్ళూరికి మోసకపోతా ఉండావా?"

ఆదికేశవులు తిరిగి జట్కా ఎక్కాడు. జట్కాలో అతని కొడుకు కృష్ణస్వామి అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"ఒరే కృష్ణస్వామీ, పెండ్లాముకు ఒక మాటన్నా చెప్పి పోరా," అంది అమ్మణి.

"అమ్మ వద్దనింది, చిన్నమ్మా."

"ఊపిరి తీసుకోమని మీ అమ్మ చెప్పిందా? తీసుకుంటా ఉండావే!"

జట్కా కదిలిపోయింది. అమ్మణి కండెలు పక్కన పడేసి లేచింది. ఆదికేశవులు అడిగాడని కాదు. అంత పెద్ద మిద్దెలో ఒంటరిగా "నీళ్ళు, నీళ్ళు" అంటున్న గొంతు వీధిలోకి వినబడుతోంది, వీధి మొత్తం విననట్టు నటిస్తోంది. అంటురోగుల్ని తీసుకెళ్ళే కార్పొరేషన్ వ్యానుకు కబురు పంపి, పిల్లను దుప్పట్లో చుట్టి, తనే ఎత్తి ఎక్కించింది.

తొండియార్‌పేట అంటురోగాల ఆసుపత్రి దగ్గర కాపలావాడు పిల్లను లోపలికి పంపి, ఈమెను అడ్డుకున్నాడు. "నువ్వు రాకూడదమ్మా, అంటుకుంటుంది."

అమ్మణి ముసుగు తీసి ముఖం అతని ముందు పెట్టింది. "సరిగా చూడు. నాకింక అంటుకోదనేదానికి ఇంతకంటే పెద్ద చీటీ యాడన్నా ఉందా?"

అతను పక్కకు జరిగాడు.

వార్డులో మిల్లు కూలీ పక్కన కోర్టు గుమాస్తా, ఆ పక్కన కోవెల పూజారి. ఒళ్ళంతా కప్పేసిన పొక్కుల కింద ఎవరు ఎవరో తెలియడం లేదు. అమ్మణికి ఆ జబ్బు మీద కూడా గౌరవం కలగలేదు. కన్నూ ముక్కూ లేనిది, ఎవరి మీద పడుతోందో దానికే తెలియనిది. దీనికా పొంగళ్ళు, దీనికా దండాలు అనుకుంది. పుష్పవల్లి కనురెప్పలు చీముతో అతుక్కుపోయేవి. అమ్మణి గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, తడిపి, మెల్లగా విడదీసేది. కాసేపటికి మళ్ళీ తడిపేది.

"ఎందుకమ్మా మాటిమాటికీ? నేను చేస్తాగా," అంది నర్సు లూర్దుమేరి.

"నువ్వు ఇంతమందిని చూడాల. నాకు ఎవురూ తుడవలేదు. అందుకే ఇది పోయింది," అని అమ్మణి తన ఎడమ కన్ను చూపింది. ఆ మాట అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. చెప్పినందుకు తన మీద తనకే విసుగొచ్చి, దూది పట్టుకుని అటు తిరిగింది.

పుష్పవల్లి పొక్కులు ఎండుతుండగా, తిరువళ్ళూరు నుంచి ఆదికేశవులును తెచ్చారు. వెళ్ళేటప్పుడే జబ్బును ఒంట్లో పెట్టుకుని పోయాడన్నమాట. చెల్లెలింటివాళ్ళు అతన్ని పశువుల కొట్టంలో పడుకోబెట్టారట. కృష్ణస్వామి గేటు దాకా వచ్చి, తండ్రిని దించి, వచ్చిన బండిలోనే వెనక్కిపోయాడు.

అతను ముద్దగా పడి ఉన్నాడు. అనాల్సిన మాటలు అమ్మణి దగ్గర ముప్పై ఏళ్ళుగా పోగుపడి ఉన్నాయి. ఇక తప్పుకుపోయే చోటు అతనికి లేదు. చెంచాతో నీళ్ళు పోస్తూ మొదలుపెట్టబోయింది.

"అమ్మణీ, నేనేం పాపం చేసినా?" అన్నాడు ఆదికేశవులు.

చాలా చేశావు అందామనుకుంది. కానీ ఆ జబ్బుకు అంత న్యాయబుద్ధి అంటగట్టడానికి నోరు రాలేదు.

"పాపం చూసి వచ్చేది కాదు బావా ఇది. మా తమ్ముడు పాలు తాగే బిడ్డ, వాడేం చేసినాడు? నువ్వు ఆ దినం సూదికి చెయ్యి చాపింటే సాలు. ఆ పిల్లను చాపనిచ్చింటే సాలు."

ఆదికేశవులు మళ్ళీ నీళ్ళకు నోరు తెరిచాడు. తెల్లవారాక పోయాడు. కబురు పోయినా ఇంటివాళ్ళెవరూ రాలేదు. ముప్పై ఏళ్ళ మాటలూ అట్లాగే మిగిలిపోయాయి. అవి ఇప్పుడు అమ్మణికి చప్పగా, పాచిపోయినట్టు అనిపించాయి.

పుష్పవల్లిని పంపించే రోజు కృష్ణస్వామి గేటు బయట నిలబడ్డాడు. భార్య ముఖం చూసి, చూపు ఆమె కాళ్ళ మీదికి దించుకున్నాడు.

"కొన్నాళ్ళు మీ అమ్మగారింట్లో ఉండు," అన్నాడు. "అమ్మ చెప్పింది."

అమ్మణి నోరు తెరిచేలోపే పుష్పవల్లి జవాబిచ్చింది. "ఇల్లు ఇడిచి పోయింది మీరు. నేను ఎవురినీ ఇడిచి యాడికీ పోలేదు. నేనెందుకు పోవాల?"

మిద్దె ఇంటికే పోయింది. తిరువళ్ళూరు నుంచి అప్పటికే తిరిగొచ్చిన అత్త వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడితే, పక్కనుంచి దూరిపోయి పొయ్యి వెలిగించింది. ఈ చేతి అన్నం ముట్టనని అత్త మూతి ముడుచుకుని కూర్చుంది. సాయంత్రానికి ఆకలి ఆ శపథాన్ని తినేసింది. కృష్ణస్వామికి మొగుడనే పేరు మిగిలింది కానీ, మగ్గాల దగ్గర మాట చెల్లింది మాత్రం పుష్పవల్లిది.

అమ్మణి ఇక కండెలు చుట్టలేదు. లూర్దుమేరి పెద్ద డాక్టరుతో చెప్పి ఆమెను మశూచి వార్డులో ఆయాగా పెట్టించింది. తొండియార్‌పేటలోనే అమ్మణి ఒక గది చూసుకుంది. మొదటిసారి ఆయా చీర కట్టుకుని పనికి పోతుంటే, చింతాద్రిపేట నుంచి చూడవచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, "అమ్మవారి సేవ దొరికింది నీకు, ఎంత పుణ్యమే!" అన్నారు.

"సేవ కాదు, దాంతో తగువు," అని అమ్మణి వాళ్ళను దాటుకుని పోయింది.