ఒకటి ఇచ్చాను, ఒకటి ఉంచుకున్నాను

మా తమ్ముడు యేసుపాదం పాస్టరు. ఆ రోజు మా ఊరి కాలువలో ఏడుగురికి బాప్తిస్మం ఇచ్చి గట్టెక్కాడు. చెప్పులు వేసుకోబోతే కాళ్లు పట్టలేదు. రెండు పాదాలూ ఉబ్బి ఉన్నాయి. నేను వంగి వేలితో నొక్కితే గుంట పడింది. అది ఎంతకీ పూడలేదు.

“ఏందిరా ఇది? ఎన్నాళ్ల నుంచి?” అని అడిగాను.

“ఇంతసేపు నీళ్లలో నిలబడ్డాను గదక్కా. అదే పోద్దిలే,” అన్నాడు.

తడిసిన ఆడపిల్లలకు తువ్వాళ్లు అందిస్తూ నేనూ నీళ్లలోనే నిలబడ్డాను. నా కాళ్లు బాగానే ఉన్నాయి. ఏదో తేడాగా ఉందని నాకు అప్పుడే అనిపించింది.

నా పేరు సంపూర్ణ. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాం. కోతలు అయ్యాక తొడిమలు తీసే పనికి పోతాను. మా ఆయన దానియేలు చీమకుర్తి నుంచి గ్రానైటు తోలే లారీకి డ్రైవరు. మా అమ్మ చనిపోయేనాటికి నాకు పదిహేనేళ్లు, తమ్ముడికి తొమ్మిది. వాడికి తలంటి, అన్నం పెట్టి, బడికి పంపింది నేనే. వాడు బైబిలు ట్రైనింగు పూర్తిచేసి తెల్లచొక్కాతో మా చర్చిలో మొదటిసారి నిలబడిన రోజు నేను ముందు వరసలో కూర్చున్నాను.

మర్నాడే వాణ్ని ఒంగోలు తీసుకెళ్లాను. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. డాక్టరు కాగితాలు రెండుసార్లు చూశాడు.

“క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాలి, ఎనిమిది దాటిందండి. రెండు కిడ్నీలూ ష్రింక్ అయ్యాయి. బీపీ ఎన్నాళ్ల నుంచో ఉండుంటుంది. ఎప్పుడూ చూపించుకోలేదా?”

ఎప్పుడూ చూపించుకోలేదు. తలనొప్పి వస్తే ఎండదెబ్బ అనుకునేవాడు.

డయాలసిస్ సూదులు గుచ్చటానికి చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. అన్నిటికంటే వాణ్ని దాహం ఎక్కువ బాధపెట్టింది. రోజు మొత్తానికి అర లీటరు నీళ్లే తాగమన్నారు. మా వైపు ఎండల్లో ఆ నీళ్లు ఏ మూలకీ చాలవు. ఐసుముక్క నోట్లో పెట్టుకుని కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండేవాడు. ఆదివారం మాత్రం మానలేదు. కుర్చీలో కూర్చునే ప్రసంగం చేసేవాడు.

పది నెలల తరువాత గుంటూరులో నెఫ్రాలజీ డాక్టరు ట్రాన్స్‌ప్లాంట్ మాట ఎత్తాడు. “ఇంట్లో ఎవరైనా ఇచ్చేవాళ్లు ఉన్నారా?” అని అడిగాడు. మా మరదలు, తమ్ముడి భార్య గ్రేస్ వెంటనే ముందుకొచ్చింది. కానీ ఆమెకు షుగరు ఉందని పరీక్షల్లో తేలింది. ఇక మిగిలింది నేను. మా ఇద్దరి బ్లడ్ గ్రూపూ ఒకటే.

ఆ మాట చెబితే తమ్ముడు ఒప్పుకోలేదు. డయాలసిస్ మంచం మీద పడుకుని తల అడ్డంగా ఊపాడు.

“నా కోసం నిన్ను కోయటానికి నేను ఒప్పుకోనక్కా. నేనిట్టాగే ఉంటా.”

నాకు కోపం వచ్చింది. “ప్రతి ఆదివారం నువ్వు చెప్పేదేందిరా? మన బదులు ప్రభువు గాయపడ్డాడు, ఆయన రక్తంతో మనకు విమోచన దొరికింది, అందులో మనం సంపాదించింది ఏమీ లేదు, చెయ్యి చాపి తీసుకోవటమే అని గదా. ఆయన దగ్గర తీసుకున్నోడివి, నా దగ్గర తీసుకోవటానికి ఏమొచ్చింది?”

పక్కనే మిషను తిరుగుతూ ఉంది. వాడు దాని వైపే చూస్తూ అన్నాడు: “చెప్పటం తేలికక్కా. తీసుకోవటమే కష్టంగా ఉంది.”

పదిహేనేళ్లుగా వాడి ప్రసంగాలు వింటున్నాను. వాడి నోట అంత నిజమైన మాట అప్పటిదాకా వినలేదు. ఆ సాయంత్రం గ్రేస్ నాకు ఫోను చేసి, “ఒప్పుకున్నాడు వదినా,” అని చెప్పి ఏడ్చింది.

నా భర్త కూడా ఒప్పుకోవాలని ఆసుపత్రివాళ్లు చెప్పారు. దానియేలు మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు లారీ దిగి నేరుగా డాక్టరు దగ్గరికి వచ్చాడు. “ఉన్న ఆ ఒక్కటీ పాడైతే ఈమె గతేంది సార్?” అని అడిగాడు. డాక్టరు దాచలేదు. “ఒకటి సరిపోతుందండి. కానీ రిస్కు అసలు లేదని నేను చెప్పను. ఏటేటా పరీక్షలు చేయించుకోవాలి,” అన్నాడు. దానియేలు బయటికొచ్చి నా వైపు చూసి, “సంతకం పెడతా. నువ్వు నీ కాళ్ల మీద నడిచి బయటికి రావాల. అంతే,” అన్నాడు.

నా పరీక్షలకే రెండు నెలలు పట్టింది. క్రాస్ మ్యాచ్ అన్నారు, సీటీ యాంజియో అన్నారు. గుండె చూశారు, ఊపిరితిత్తులు చూశారు. ఆ తరువాత అవయవదానానికి అనుమతి ఇచ్చే కమిటీ ముందు కూర్చోబెట్టారు. ఎదురుగా నలుగురు పెద్దలు, పక్కన కెమెరా. “ఎవరైనా బలవంతం చేశారా అమ్మా? ఆశ ఏమన్నా చూపించారా?” అని అడిగారు.

“లేదండి. నా అంతట నేనే వచ్చా. వద్దన్నోణ్ణి నేనే ఒప్పించా,” అన్నాను. ఒకాయన నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆపరేషను నాడు తమ్ముడి కంటే ముందు నన్ను లోపలికి తీసుకెళ్లారు. స్ట్రెచరు మీద పోతూ వాడి చెయ్యి పట్టుకున్నాను. ప్రార్థన చెయ్యమంటే వాడికి మాట రాలేదు. నేనే చేశాను. మెలకువ వచ్చేసరికి పక్కలో నొప్పి, గొంతు మంట. సర్జను వచ్చి వంగి చెప్పాడు: “టేబుల్ మీదే మీ తమ్ముడికి యూరిన్ వచ్చేసిందమ్మా. మీ కిడ్నీ చాలా బాగా పనిచేస్తోంది.”

నేను అయిదో తరగతి వరకే చదివాను. చేలో, కల్లంలో ఎంత పని చేసినా బాగా చేశావని అన్నవాళ్లు తక్కువ. ఆ మాట విని అంత నొప్పిలోనూ పొంగిపోయాను. అయిదో రోజు నా కాళ్ల మీద నడిచి బయటికి వచ్చాను. దానియేలు చెయ్యి అందించబోతే వద్దన్నాను.

నాలుగు నెలలు అంతా బాగుంది. తమ్ముడి క్రియాటినిన్ ఒకటి పాయింట్ మూడు. చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగి నాకు చూపించేవాడు. అప్పుడు చర్చిలో మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టాడు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ వేసుకోవాల్సిన మాత్రలు కూడా, దేవుడు కాపాడతాడులే అని ఆ మూడు రోజులూ మింగలేదు. మాకెవరికీ చెప్పలేదు. వారం తిరగకుండా జ్వరం వచ్చింది, మళ్లీ కాళ్లు ఉబ్బాయి. క్రియాటినిన్ మూడు దాటింది. బయాప్సీ చేసి రిజెక్షన్ అన్నారు.

డాక్టరు వాణ్ని నిలబెట్టి గట్టిగా చెప్పాడు. “ఉపవాసం ఉంటే ముందు నాకు చెప్పండి. మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానకండి. మీ అక్కగారు ఇంకొకటి ఇవ్వలేరు.”

మూడు రోజులు స్టిరాయిడ్ ఇంజక్షన్లు ఎక్కించారు. రెండో రోజు వాడు నా మొహం చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. “నువ్విచ్చింది పాడు చేశానక్కా,” అన్నాడు. తిట్టాలనే వచ్చాను, తిట్టాను కూడా. “ఇచ్చింది ఊరకనే గదా అని ఇష్టమొచ్చినట్టు వాడుకుంటావా? ఊరకనే వచ్చింది కాబట్టే ఇంకా భద్రంగా చూసుకోవాల.” ఆ తరువాత వాడి నుదుటి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నేను ఇచ్చేశాను, అది ఇక వాడిది. వాడి తప్పును మళ్లీ మళ్లీ ఎత్తి చూపే హక్కు నాకు లేదని ఆ గదిలో కూర్చునే నిర్ణయించుకున్నాను. ఆ తరువాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. క్రియాటినిన్ మెల్లగా దిగి ఒకటి పాయింట్ ఆరు దగ్గర నిలిచింది.

ఆ ఏడాది మంచి శుక్రవారం నాడు వాడు సిలువ గురించి చెబుతూ నా సంగతి ఎత్తాడు. “మా అక్కను చూస్తే ప్రభువు చేసింది అర్థమవుతుంది. అక్క నాకు క్రీస్తు లాంటిది,” అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను చాప మీద నుంచి లేచి నిలబడ్డాను. చర్చిలో వాణ్ని నేను కూడా అయ్యగారనే పిలుస్తాను.

“అయ్యగారూ, ఒక్క మాట. నేను ఒకటి ఇచ్చి ఒకటి ఉంచుకున్నా. నాకు మత్తిచ్చి కోశారు, అయిదో రోజు ఇంటికి పంపారు. తమ్ముడివని ఇచ్చా, పక్కూరి మనిషికైతే ఇచ్చేదాన్ని కాదు. ఆయన ఏమీ ఉంచుకోలేదు. మేకులు కొట్టినోళ్ల కోసం గూడా ఇచ్చాడు. నన్ను తీసుకుపోయి ఆయన పక్కన నిలబెట్టొద్దు.”

వెనక నుంచి ఒక ముసలామె, “నిజమేలేమ్మా,” అంది. తమ్ముడు చేతిలోని కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. “ఈ రోజు చెప్పాల్సింది అక్క చెప్పింది. ప్రార్థన చేసుకుందాం,” అన్నాడు.

అలా అన్నానని, ఇచ్చినందుకు నాకు గర్వం లేదనుకోకండి. చాలా ఉంది. నాలుగేళ్లయింది. వాడు చుట్టుపక్కల మూడు ఊళ్లు సైకిలు మీద తిరిగి వస్తున్నాడు. నేను మళ్లీ మిరప కోతలకు పోతున్నాను. బరువైన బస్తాలు మాత్రం ఎత్తను. ఏటేటా బీపీ, క్రియాటినిన్ చూపించుకుంటాను. పోయినసారి డాక్టరు కాగితం చూసి, “మీరు నాకంటే బాగున్నారమ్మా,” అన్నాడు.

ఇప్పుడు నన్ను వెతుక్కుంటూ మనుషులు వస్తున్నారు. మొన్న కొత్తపట్నం వైపు నుంచి ఒక అమ్మాయిని వాళ్ల అత్తగారు తీసుకొచ్చింది. భర్తకు కిడ్నీ ఇవ్వాలట. అత్తగారు చెబుతూనే ఉంది, ఆ అమ్మాయి తల ఊపుతూనే ఉంది. పెద్దావిడకు టీ ఇచ్చి వాకిట్లో కూర్చోబెట్టి వచ్చి, “నీకెట్టా ఉందమ్మా?” అని అడిగాను. “నాకు ఇష్టం లేదండి. భయమేస్తోంది,” అంది మెల్లగా. అదే మాట డాక్టరుతో ఒంటరిగా చెప్పమన్నాను. చెప్పిందట. ఆమె ఇవ్వలేదు. ఆ మాట చెప్పటానికి ఫోను చేసి, “తప్పు చేశానా అక్కా?” అని అడిగింది. లేదన్నాను. నిజం చెప్పినందుకు నాకు ఆ పిల్లను చూస్తే గర్వంగా ఉంది.

ఇవ్వాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. సరే అనే ముందు ఇంట్లోవాళ్లు ఎవరూ లేకుండా డాక్టరుతో ఒంటరిగా కూర్చుని మాట్లాడండి. మీ భయాలన్నీ అడగండి. తలుపు తీసుకుని బయటికి వచ్చేటప్పుడు కూడా ఇవ్వాలనే అనిపిస్తే, అప్పుడు ఇవ్వండి.