దూడను కట్టేశాక

జువాలజీ లెక్చరర్ గంగాధరం రోజూ పుంగనూరు నుంచి మొదటి బస్సుకే మదనపల్లె కాలేజీకి వస్తాడు. జేబులో, రుమాల్లో చుట్టిన నాలుగు రంగుల చాక్‌పీసులుంటాయి. మెదడులో జ్ఞాపకాన్ని నిలబెట్టే ఎంజైమ్‌ను పన్నెండు రేకుల పువ్వులా పుస్తకం చూడకుండానే గీస్తాడు. గీసి ఇటు తిరిగేసరికి వెనక బెంచీలు కునికిపాట్లు పడుతుంటాయి. 2003లో కుప్పం నుంచి సరళ కొత్త లెక్చరర్‌గా వచ్చింది. ఒకరోజు ఆమె పాఠం చెబుతున్న పదకొండో గది కిటికీ దగ్గర అతను నడక తగ్గించి విన్నాడు. "దూడను ఇడిస్తే రెండు గుక్కలు తాగుతాది, ఆవు చేపుతాది, పాలు దిగుతాయి. దూడను లాగి కట్టేసినా పాలు వస్తానే ఉంటాయి గదా? క్యాల్షియం ఆ దూడ మాదిరి. అది తాకి ఎల్లిపోయినా ఎంజైమ్ మేలుకొనే ఉంటాది. జ్ఞాపకమంటే అదేనప్పా." పాడి ఇళ్ల పిల్లలందరూ ఒక్కసారిగా తలలూపారు. ఇరవై ఏళ్లలో తనకెవరూ అలా తల ఊపలేదు.

మర్నాడు తన క్లాసులో ఆ ఎంజైమ్ గురించే అడిగాడు. సరళ క్లాసులోనూ కూర్చునే భరత్ లేచి, "దూడను కట్టేసినా ఆవు చేపుతాది గదా సార్, అట్ల" అన్నాడు. "నువ్వు చదివేది జువాలజీనా, పశువుల కొట్టమా?" అన్నాడు గంగాధరం. ఎవరూ నవ్వలేదు. అతను బోర్డు మీది పువ్వును తుడిచి మళ్లీ గీశాడు.

ఏడాది తిరక్కుండానే సరళ కుప్పానికి బదిలీ అయింది. స్టాఫ్‌రూములో అందరికీ మైసూర్‌పాక్ పంచింది గంగాధరమే. పదకొండో గదికి ఇప్పుడు తాళం, లోపల విరిగిన బెంచీలు. రెండేళ్లయినా ఆ కిటికీ దగ్గరికి రాగానే అతని నడక తగ్గుతుంది, ఎడమ చెవి అటు తిరుగుతుంది.