సీతాఫలం కళ్ళు తెరిచేదాకా

నానక్‌రామ్‌గూడ మలుపులో షేర్ ఆటో దిగగానే సీతాఫలాల వాసన తగిలింది. అద్దాల భవనం నీడలో ఒకామె గంప దించుకుని కూర్చుంది. ఒక కాయ చేతిలోకి తీసుకుని గళ్ళ మధ్య పసుపు చూశాను. "కండ్లు తెరిచినయమ్మా, ఎల్లుండికి పండుతయి," అంది. ఆ మాటంటే నాకెంత నమ్మకమో ఆమెకు తెలియదు. కట్టబోయే భవనానికి ఎంత ఇసుక, ఎంత ఇనుము, ఎన్నాళ్ళు పడుతుందో లెక్కగట్టి చెప్పడం నా పని. ఏ కళాశాలా నేర్పలేదు. తొలి పాఠం ఇక్కడికి దగ్గర్లోనే, గోపన్‌పల్లి గుట్టల మీద, కిష్టమ్మ పెద్దమ్మ చెప్పింది.

డెబ్భైల మొదట్లో మేము ఆమె ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నది కృష్ణా జిల్లా. శేరిలింగంపల్లిలో చిన్న సర్కారు ఉద్యోగం. నాకు నాలుగో ఏడు నడుస్తుండగా అమ్మకు క్షయ వచ్చింది. పట్నంలో దవాఖానలో చేర్చారు. అంతకు ముందు అమ్మ నాకు అన్నం పెడుతూ ముద్దకొక చింతగింజ గడప మీద పెట్టేది. వరస ఎంత పొడుగైతే నేనంత మంచి పిల్లను. ఆమె వెళ్ళాక గడప బోసిపోయింది. అమ్మ ఏదని అడిగితే నాన్న "రేపొస్తుంది తల్లీ" అనేవారు. ప్రేమతోనే అనేవారు. తెల్లారగానే గడప మీద కూర్చునేదాన్ని. మళ్ళీ రేపే. కొన్నాళ్ళకు అడగడం మానేశాను, తర్వాత మాట్లాడడమే మానేశాను. మోకాలు చీరుకుపోయినా ఏడ్చేదాన్ని కాదట. ఎత్తుకుంటే కట్టెలా బిగుసుకుపోయేదాన్నట. బుద్ధిమంతురాలు, అల్లరే లేదని చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకున్నారు. ఆ బుద్ధి చూసి భయపడింది కిష్టమ్మ ఒక్కతే.

ఆమె గుట్టల మీది సీతాఫలాలు తెంపి పట్నంలో అమ్ముకునే మనిషి. గొంతు పెద్దది. ఒక సాయంత్రం నాన్నను నిలదీసింది. "ఏంది సారూ, రోజూ రేపు రేపంటవ్? పోరి నీ మాట ఇనుడే బంజేసింది."

"నిజం చెబితే తట్టుకోలేదండీ. పసిది."

"అబద్ధం తట్టుకుంటున్నదా? డాక్టరేమన్నడో జెప్పు."

"దసరా దాటాక పంపొచ్చు అన్నారండీ."

దసరా అంటే నాకేం తెలుసు? మర్నాడు ఆమె నన్ను చంకనేసుకుని గుట్టెక్కింది. రాళ్ళ సందున పెరిగిన చెట్టుకు గోలీకాయంత పిందె చూపించింది. "మీ అమ్మ రేపు రాదు బిడ్డా. ఎల్లుండి గూడ రాదు. ఇది పెద్దగ గావాలె, కండ్లు తెర్వాలె. అప్పుడు సూస్తవ్ మీ అమ్మను." ఏడుపు రాలేదు. చేత్తో తాకి చూడగలిగే మాట ఒకటి దొరికింది. ఆ రోజు నుంచి ఆమె కొంగు పట్టుకుని గుట్టెక్కేదాన్ని.

కాయలు కాస్త ఊరాక నా ఓపిక అయిపోయింది. ఆమె వరిగడ్డిలో కాయలు మాగబెట్టడం చూశాను కదా, కింది కొమ్మల్లో చేతికందినన్ని పచ్చివి తెంపి గడ్డిలో దాచాను. అవి పండితే అమ్మ రావాలి మరి. పండలేదు, నల్లబడి రాళ్ళయ్యాయి. "ఓ పోరీ, నా బేరమంత గడ్డిల బెట్టి ఖరాబ్ జేసినవ్ గదనే!" అని కిష్టమ్మ నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"అమ్మ ఇంక రాదా?" అన్నాను. నెలల తర్వాత నా నోట వచ్చిన మాట అది. వెంటనే ఊపిరాడనంత ఏడుపు. ఆమె ఊరుకోమనలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఏడ్వు బిడ్డా, మంచిగ ఏడ్వు," అంది. అలిసిపోయాక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి పైకొమ్మలు చూపించింది. "నువ్వు తెంపినయే పోయినయి. మీ అమ్మకేం గాలే. ఇగో, ఇవి ఉన్నయి సూడు."

మాటలు తిరిగొచ్చాక ఒకసారి ఆమెనే "అమ్మా" అని పిలిచాను. "పెద్దమ్మ అను. అమ్మ దవాఖానల ఉన్నది," అంది. ఆ పిలుపు ఆమెకూ తీపిగానే ఉండి ఉంటుందని, అయినా తీసుకోలేదని, నేను తల్లినయ్యాకే తెలిసింది.

కాయలు కళ్ళు తెరిచాయి. అమ్మ రాలేదు. ఇంకా కొన్ని నెలలు ఉండాలన్నారు. "వచ్చే వారమని చెబుదామండీ," అన్నారు నాన్న దిగాలుగా.

"వద్దు సారూ. వస్తదని నేనన్లే, సూస్తవన్న. సూపిస్త."

బేరం మానుకుని, నాన్నచేత సెలవు పెట్టించి, లింగంపల్లిలో రైలెక్కించింది. దవాఖాన గేటు దగ్గర కాపలామనిషి పిల్లలను రానివ్వనన్నాడు. "లోపటికి ఎవలడిగిన్రయ్యా? ఆమెనే ఆ అరుగు మీదికి రానియ్యి," అంది. నాన్న లోపలికెళ్ళి అమ్మను తీసుకొచ్చారు. కత్తిరించిన జుట్టుతో, బక్కగా, ఎవరో మనిషి. నేను కిష్టమ్మ వెనక దాక్కున్నాను.

"నా పిల్ల నన్ను మర్చిపోయిందక్కా," అని అమ్మ అక్కడే ఏడ్చింది.

"మర్వలే చెల్లె, అలిగింది. పరేషాన్ గాకు. జర ఈ పండు తిను." నాన్న చేతికిచ్చి పంపింది.

అమ్మ తింటూ గింజల్ని అరుగు అంచున ఒక్కొక్కటే పెట్టసాగింది. కావాలనే పెట్టిందో, చెయ్యి దానంతటదే పెట్టిందో, తర్వాత అడిగితే గుర్తులేదంది. నల్లటి గింజలు, వరసగా. కొంగు చాటు నుంచి తల బయటపెట్టాను. అమ్మ చెయ్యి ఆగింది. "ఇంకోటి," అన్నాను మెల్లగా.

"గట్టిగనవే, దూరమున్నది!" అంది కిష్టమ్మ.

"అమ్మా, ఇంకోటి!"

చలికాలం పోయాక అమ్మ ఇల్లు చేరింది. అయినా పూర్తిగా మానని చోటొకటి నాలో ఉంది: ఇంట్లోవాళ్ళు చెప్పిన వేళకు రాకపోతే ఇప్పటికీ వెళ్ళి గడప దగ్గర నిలబడతాను. కిష్టమ్మ లేకపోతే ఆ చోటు ఎంత పెద్దదయ్యేదో మాత్రం నా లెక్కకు అందదు. "వచ్చే నెలకి అయిపోతుందని చెప్పేద్దాం మేడమ్," అంటారు కుర్ర ఇంజనీర్లు. ఆ గడువుకు కాని పనిని అవుతుందని నేను ఇంతవరకూ రాయలేదు.

ఆ కాయ ఇంటికి తెచ్చాను. మనవరాలు తలుపు దగ్గరే కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్ళింది, ఎల్లుండి వస్తుంది. "అమ్మ ఇవాళొస్తుందా అమ్మమ్మా?" అంది.

"రాదమ్మా. ఇది నొక్కి చూడు. మెత్తబడిన రోజు వస్తుంది."

రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. "ఇంకా గట్టిగానే ఉంది," అని, బియ్యం డబ్బాలో పెట్టడానికి లోపలికి తీసుకెళ్ళింది.