జొన్నల ఊపిరి

పాతర మూత తీయగానే గిడ్డయ్య దిగడు. ప్రమిద వెలిగించి, చిన్న బుట్టలో పెట్టి, తాడుతో లోపలికి వదులుతాడు. గొంతుకూర్చుని చూస్తాడు. దీపం ఆరితే బుట్ట పైకి లాగి, దూరంగా పోయి వక్కాకు నములుతూ కూర్చుంటాడు. ముప్పై ఏళ్లుగా ఇదే.

కోడుమూరు చుట్టుపక్కల జొన్నలు నేలలోనే దాస్తారు. రెండు నిలువుల లోతు గుంత, లోపల చుట్టూ మందంగా గడ్డి, పైన బండ, బండ మీద మన్ను. అదే పాతర. దానిలోకి దిగి గింజలు తోడటం గిడ్డయ్య పని. అంతకు ముందు అతని అన్న చేసేవాడు. అన్న ఒకరోజు దిగి మళ్లీ ఎక్కలేదు. లోపల దయ్యం ఉందన్నారు. గిడ్డయ్య ఆ మాట కాదనలేదు, నమ్మనూ లేదు.

చాలా ఏళ్ల తర్వాత బడి అయ్యవారు లాజరు అతనికి చెప్పాడు. గింజ బతికే ఉంటుంది. దానిలోని కణాలు గాలిలోని ప్రాణవాయువును తీసుకుని, దాచుకున్న పిండిని కొద్దికొద్దిగా ఖర్చు చేసుకుంటాయి. బతకడానికి కావలసిన శక్తి అందులోనే వస్తుంది. వేడి, చెమ్మ, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతాయి. మూసిన గుంతలో ఆ వాయువు బరువుగా అడుగున నిలిచిపోతుంది. తిన్న తిండి మనిషి ఒంట్లో ఖర్చయ్యేదీ ఇలాగే.

"అంటే జొన్నలు మన మాదిరే ఊపిరి తీస్తాండాయి," అన్నాడు గిడ్డయ్య. "మా అన్నకు గాలి మిగల్చలేదు."

"అంతేనప్పా."

పంతొమ్మిది వందల యాభై ఐదు శ్రావణంలో, గిడ్డయ్య పనిచేసే నరసింహారెడ్డి ఇంటి పాతర తెరిచారు. సగం తోడి మూసి నాలుగు నెలలైంది. వానలకు చెమ్మ దిగింది. చెమ్మ తగిలిన గింజ ఇంకా ఎక్కువ ఊపిరి తీస్తుంది. మహానంది పోయి వస్తున్న అతని తల్లి వియ్యంకులు ఆ సాయంత్రం ఇంటికి దిగుతారు. ఇంట్లో పిడికెడు పిండి లేదు. పాతర ఉన్న ఇల్లు పక్కింట పిండి అడగడమంటే పాతికేళ్ల నరసింహారెడ్డికి తల కొట్టేసినట్టుంది.

దీపం నడుములోతుకే ఆరింది.

"నూనె పోసినావా, నీళ్లు పోసినావా?" అన్నాడు నరసింహారెడ్డి.

"రేపు దిగుదాం రెడ్డీ."

"రేపు ఎవురికి పెడతావు బువ్వ? నీకు బయమైతే ఆ పక్కన కూర్చో. నేనే దిగుతా."

పంచె ఎగగట్టాడు. గిడ్డయ్య వచ్చి పాతర నోటికి అడ్డంగా పడుకున్నాడు.

"లెయ్."

"నన్ను తొక్కి దిగు."

"ముసలోడా, ఇంగ మా ఇంట్లో నీకు పని లేదు. పోతావా లేదా?"

"పని లేకుంటే పాయ. పిండి తెచ్చుకో, అప్పుడు పోతా."

నరసింహారెడ్డి పంచె దించుకున్నాడు. చివరికి అతని తల్లి రామలక్ష్మమ్మ గిన్నె తీసుకుని పక్కింటికి నడిచింది. వియ్యంకులు రొట్టెలు తిన్నారు. పిండి ఎవరిదని అడగలేదు.

తెల్లవారి గిడ్డయ్య పిలవకుండానే వచ్చాడు. తను రాకపోతే నరసింహారెడ్డి ఒక్కడే దిగుతాడని అతనికి తెలుసు. ఎండ ఎక్కేదాకా గోనెపట్టాతో లోపలికి గాలి విసిరాడు. తర్వాత దీపం వదిలి, అది ఆరలేదని చూసుకుని దిగి, తడి తగిలిన గింజలు వేరుగా, బాగున్నవి వేరుగా బుట్టలకెత్తాడు. పైన బుట్టలు అందుకున్నది నరసింహారెడ్డే.